బంగారం పట్టని లోహం

జనవరి 8, బుధవారం

ఈ డైరీ మా యజమాని శేషగిరిరావు గారు కొత్త సంవత్సరానికి ఇచ్చారు. చిలకలపూడిలో ఆయన గిల్టు నగల కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పూత పని నాదే. వారం రోజులుగా ఇందులో తొట్టి వేడి ఎంత, గాజులు ఎన్ని నిమిషాలు ముంచాను, అవే రాస్తున్నాను. ఇవాళ కోపం వచ్చి వేరే సంగతి రాస్తున్నాను. ఎవరూ చదివేది కాదు గనక నా ఇష్టం.

మా ఆవిడ వీరలక్ష్మికి ఇవాళ పన్ను స్క్రూ వేశారు. నవంబరులో చేపల మార్కెట్లో ఐసు గోతం కుట్టు పళ్లతో లాగి, పై వరసలో ముందు పన్ను విరగ్గొట్టుకుంది. కత్తిపీట ఎదురుగానే ఉంది. అదే అడిగితే, "చేతులు రెండూ చేపల్లో ఉంటే ఇంక దేంతో లాగను?" అని నా మీదే లేచింది. వేరుదాకా చీలిందని ఆ పన్ను పీకేశారు. ఆ ఖాళీలో ఎముకలోకి స్క్రూ దింపి, మూడు నెలలు ఆగి, దాని మీద కొత్త పన్ను కడతారట.

డాక్టరు శ్రీలేఖ గారిది గుడివాడ. సోమ, బుధ, శుక్రవారాలు బందరు వస్తారు. చిన్న వయసే గానీ మాట నిదానం. దింపే ముందు స్క్రూ చూపించారు. గాజు గొట్టంలో సీలు వేసి ఉంది. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. బూడిద రంగు, ఇసుమంత మెరుపు లేదు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఒళ్లంతా గరుకు.

"ఇదేంటండీ, పాలిష్ చెయ్యడం మర్చిపోయారా?" అన్నాను.

ఆవిడ నవ్వారు. "కావాలనే గరుకు చేస్తారండీ. సన్నటి పొడి గట్టిగా కొట్టి, తర్వాత యాసిడ్‌లో ముంచుతారు. కంటికి కనపడని గుంటలు పడతాయి. ఎముక ఆ గుంటల్లోకి పెరిగి పట్టుకుంటుంది. నున్నగా ఉంటే అంత పట్టు దొరకదు."

"ఏం లోహమండీ?"

"టైటానియం."

"ఉమ్ములో ఉప్పదనం ఉంటుంది కదా, తుప్పు పట్టదా?"

"పట్టదు. గాలి తగిలితే చాలు, దాని మీద సన్నటి పొర దానంతటదే కట్టుకుంటుంది. గీత పడ్డా మళ్లీ కట్టుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం ఒంటితో దానికి పేచీ ఉండదు."

తన పూత తనే వేసుకునే లోహం! ఇక మాలాంటి వాళ్లం ఎందుకు? ఈ ముక్క పైకి అనలేదు. కుర్చీలో వీరలక్ష్మి ఉంది, డాక్టరు చేతిలో సూది ఉంది.

చివర్న చిగురులోంచి పైకి కనపడేలా ఒక చిన్న మూత బిగించారు. స్క్రూలోకి దుమ్మూ ధూళీ పోకుండా, చిగురు దాని చుట్టూ కుదురుకోవడానికట. అది కూడా టైటానియమే, కానీ నున్నగా ఉంది. చిగురు తగిలే చోట నున్నగా ఉంటేనే మురికి నిలవదట. చూశారా, చివరికి నునుపే కావలసి వచ్చింది.

జనవరి 13, సోమవారం

స్క్రూ అతుక్కునే దాకా పెట్టుకోమని తీసి పెట్టుకునే పన్ను ఒకటి ఇచ్చారు. వీరలక్ష్మి ఇవాళ మార్కెట్లో గట్టిగా కేకేసేసరికి అది ఊడి రొయ్యల తట్టలో పడింది. కొనడానికొచ్చిన ఆయన చూసి, "ఇదేంటమ్మా, పళ్లున్న రొయ్యా?" అన్నాడట. అక్కడున్న ఆరుగురు ఆడవాళ్లూ పొట్ట పట్టుకుని నవ్వారట. తనూ నవ్విందట. ఇంటికొచ్చి ఆ పన్ను డబ్బాలో పెట్టి, డబ్బా అటక మీదకి విసిరింది.

జనవరి 27, సోమవారం

వీరలక్ష్మి నోరు కట్టేసుకుంది. ఇరవై మూడేళ్ల కాపురంలో నేను ఎన్నిసార్లు మొక్కుకున్నా జరగనిది ఒక్క పన్ను వల్ల జరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చేపలు అమ్ముతోందట. కొంగు అడ్డం పెట్టుకుని బేరమాడితే ఎవరు వింటారు? ఎదటి తట్ట కనకమహాలక్ష్మిది. రావలసిన జనమంతా అటు పోతున్నారు.

సరదాకి రాశాను గానీ నాకేం బాగోలేదు. గిలకలదిండి రేవులో మొదటిసారి ఆమెను చూడక ముందే ఆమె నవ్వు విన్నాను. పడవ అవతల ఎవరో నవ్వుతుంటే, ఈ నవ్వెవరిదో కనుక్కోవాలని చుట్టూ తిరిగి వెళ్లాను. అలా మొదలైంది మా సంసారం.

ఫిబ్రవరి 5, బుధవారం

పదహారో తారీఖున మోపిదేవిలో మా బావమరిది కళ్యాణ్ కూతురి పెళ్లి. మేనత్తగా ముందు వరసలో ఉండాల్సిన మనిషి, రానంటోంది.

"ఆ ఇనప బుడిపె పెట్టుకుని ఫొటోలకి నిలబడనా? ఇనప్పన్ను అత్త అంటారు నన్ను."

ఇనుము కాదే, టైటానియం అన్నాను. "నీకే పెట్టించుకో" అంది.

ఫిబ్రవరి 8, శనివారం

మూత ఊడింది. సాయంత్రం చేగోడీలు తింటూ అరిచింది, చూస్తే అరచేతిలో ఉంది. మింగలేదు, నయం.

డాక్టరు గారికి ఫోన్ చేశాం. గుడివాడలో ఉన్నారు. "ఏం భయం లేదమ్మా. మూత శుభ్రమైన డబ్బాలో పెట్టండి. మీరేం చెయ్యకండి. సోమవారం పొద్దున్నే రండి, నేను పెడతా. ఇంకెప్పుడూ గట్టివి కొరక్కండి" అన్నారు.

డబ్బా నా జేబులో ఉంది. బియ్యపు గింజంత మూత. దీన్ని చూస్తుంటే చేతులు దురద పెడుతున్నాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం

కార్ఖానాకి సెలవు. తాళాలు నా దగ్గరే ఉంటాయి.

మూతకి తీగె చుట్టి బంగారం తొట్టిలో వేలాడదీశాను. బయటికి తీస్తే పచ్చగా వచ్చింది. గుడ్డతో తుడిస్తే పసుపంతా గుడ్డకే వచ్చింది. రెండోసారి యాసిడ్‌లో ముంచి వేశాను. మళ్లీ అంతే. మూడోసారి ఎమరీ కాగితంతో గీకి వేశాను. గీకి తొట్టిలో పెట్టే లోపలే తన పొర తను కప్పేసుకుంటోంది. రాగి నా మాట వింది, ఇత్తడి వింది, స్టీలు కూడా రెండు తిట్లు తిని వింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా చేతికి లొంగని లోహం ఇదే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

నాలుగోసారి పట్టింది. ఎలా పట్టిందో ఇక్కడ రాయక్కర్లేదు. పనివాడి కిటుకులు పనివాడివి.

బంగారం మటుకు మామూలు కన్నా మూడింతలు వేశాను. తొట్టి నీళ్లు విషమని మా కార్ఖానాలో బల్లికి కూడా తెలుసు. అందుకే ఏడు నీళ్లు కడిగాను, సోడా వేసి రుద్దాను, అరగంట ఉడకబెట్టాను. అమ్మవారి ముక్కుపుడకకి కూడా అంత శ్రద్ధ తీసుకోలేదు.

ఇంటికొచ్చి చూపిస్తే వీరలక్ష్మి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అదీ మంచిదే, బిగించడానికి వీలుగా. చేతిగడియారాల గొలుసులకి వాడే సన్నటి ఆరుపలకల కీ సరిగ్గా సరిపోయింది.

ముందు ఒక్కటి అడిగింది. "ఇందులో నా చెవులకి పడని ఆ మాయదారి నికెల్ లేదు కదా?"

మా పెళ్లైన కొత్తలో నేను పూత వేసిన దుద్దులు పెట్టుకుంటే వారానికి రెండు చెవులూ చీము పట్టాయి. గిల్టు పనివాడి పెళ్లాం గిల్టు పెట్టుకోకూడదని నా రాత.

"లేదు" అన్నాను.

అద్దంలో చూసుకుని నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. "ఏవయ్యా, నన్ను కూడా కవరింగ్ నగ చేసేశావు" అంది. డాక్టరమ్మకి చెప్పకు, తన పని మీద చెయ్యి వేశానని చిన్నబుచ్చుకుంటారు అన్నాను. "నీ మీద ఒట్టు, చెప్పను" అంది.

ఫిబ్రవరి 10, సోమవారం

డాక్టరు గారికి ఫోన్ చేసి మూత బిగించేశామని చెప్పాను. "మీరా? ఎలా బిగించారు?" అన్నారు. శుభ్రంగా కడిగాం లెండి అన్నాను. "కడిగితే చాలదండీ. ఒకసారి తీసుకొచ్చి చూపించండి" అన్నారు. పెళ్లవగానే వస్తామన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

మోపిదేవి వెళ్లి వచ్చాం. రాయడానికి చాలా ఉంది గానీ ఒళ్లు అలిసింది. ఒకటి రాసి పడుకుంటాను.

వీరలక్ష్మి నవ్వింది. తలంబ్రాల దగ్గర నవ్వింది, భోజనాల దగ్గర నవ్వింది, ఫొటో తీసేవాడు చాలమ్మా అన్నా నవ్వింది. "మా ఆయన పనితనం" అని అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ పై పెదవి ఎత్తి చూపించింది. సుబ్రహ్మణ్యస్వామి పుట్ట దగ్గర పాలు పోసి దణ్ణం పెట్టుకుంటూ కూడా నా వైపు చూసి నవ్వింది. పెళ్లికూతురి మెడలో ఉన్నది మేలిమి బంగారం. దాన్ని ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

వీరలక్ష్మికి చిగురు కొంచెం దురదగా ఉందట. పెళ్లిలో గుత్తివంకాయ రెండుసార్లు వడ్డించుకుంది. వంకాయ దురద.

ఫిబ్రవరి 20, గురువారం

తగ్గింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

తగ్గలేదు. ఎర్రగా ఉబ్బింది. బ్రష్ తగిలితే రక్తం వస్తోంది. వంకాయ ఒంట్లోంచి పోవడానికి మూడు రోజులు పడుతుందని అన్నాను. ఇవాళ శుక్రవారం, డాక్టరు బందరులోనే ఉన్నారు. సోమవారం చూద్దామన్నది నేనే.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున్న వీరలక్ష్మే డాక్టరు గారికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి నా పక్కన కూర్చుంది.

"ఏం తిన్నారమ్మా?" అన్నారు ఆవిడ.

"పెళ్లికెళ్లామండీ. చేగోడీలు తిన్నా, పీతలు తిన్నా. తప్పేనండీ."

"చెప్పాను కదమ్మా గట్టివి వద్దని! ఆ స్క్రూ ఇంకా ఎముకకి పట్టే దశలోనే ఉంది. ఇప్పుడు కదిలిందంటే మొత్తం తీసెయ్యాలి. అప్పుడు ఎముక సరిపోక పన్ను కట్టడమే కుదరకపోవచ్చు. నాలుక మీద అదుపు లేకపోతే నేనేం చెయ్యను?"

"తప్పే తల్లీ, నాదే తప్పు. చిన్నప్పట్నించీ నాకు తిండి యావ."

ఇలా అంటూ నా వైపు చూసి కన్ను గీటింది. బంగారం సంగతి చెప్పలేదులే అన్నట్టు. నా మీద వేసిన ఒట్టు కోసం తప్పు తన మీద వేసుకుంది. నేను గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు రాయాలి. నికెల్ వేశాను. నాలుగోసారి పట్టింది నికెల్ వల్లే. బలమైన యాసిడ్‌తో దాని పొర మొత్తం చంపి, వెంటనే నికెల్ తొట్టిలో వేసి, దాని మీద బంగారం వేశాను. బంగారం మూడింతలు వేశాను గనక నికెల్ బయటికి రాదనుకున్నాను. బిగించేటప్పుడు కీ రాసుకుని లోపల గీరుకుపోతుందని తెలియదా? ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి తెలుసు. పైన పటారం, లోన లొటారం. చెవి వేరు నోరు వేరు అనుకున్నాను. అలా కూడా అనుకోలేదు. ఒక చిన్న మూత నా మాట విననందుకు కోపం వచ్చింది. అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

మార్కెట్ నుంచి వస్తూనే చెప్పింది. వరసలో ఉన్న ఆరుగురికీ చెప్పుకుందట, నా తిండి యావతో నా పన్ను నేనే పాడుచేసుకున్నానే అని. కనకమహాలక్ష్మి అయితే "పీత కాళ్లు మానవే అంటే విన్నావా?" అని తిట్టిందట.

నేనొక ఉపాయం ఆలోచించాను. మూత విప్పి కార్ఖానాకి తీసుకెళ్లి, బంగారం, నికెల్ రెండూ యాసిడ్‌లో ఊడదీసి, ఉత్త మూత బిగించేస్తే సరి. చిగురు తగ్గే దాకా పూత తీసేద్దామంటే వీరలక్ష్మి ఒప్పుకుంటుంది. రేపు డాక్టరు చూసేటప్పటికి ఏమీ ఉండదు.

నాలుగు గంటలకి గుమ్మంలో వెలుతురు బాగుంది. ముక్కాలిపీట మీద కూర్చుని నోరు తెరిచింది. కళ్లు మూసుకుంది. కీ పట్టుకున్నాను. చిగురు వంకాయ రంగులో ఉంది. మూత తగిలీ తగలక ముందే రక్తం వచ్చింది.

ఒక్క క్షణం నా చెయ్యి ఆపి అంది, "నువ్వైతే నాకు భయం లేదయ్యా. డాక్టరమ్మ చెయ్యి మంచిదే గానీ, నీ చెయ్యి తెలిసిన చెయ్యి."

మళ్లీ నోరు తెరిచింది.

కీ కింద పెట్టేశాను. "లక్ష్మీ, అందులో నికెల్ ఉంది" అన్నాను. ఎలా వేశానో, ఎందుకు వేశానో అంతా చెప్పాను. ఇప్పుడు విప్పి ఏం చెయ్యాలనుకున్నానో కూడా చెప్పాను. ఆమె నోరు మూసుకుంది. నా చేతుల వైపు చూసింది. లేచి వెళ్లి ఉప్పునీళ్లు పుక్కిలించి, చేపల తట్ట కడగడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 24, సోమవారం

డాక్టరు గారికి గుమ్మంలోనే చెప్పాను. చెప్పకపోతే లోపలికి వెళ్లేసరికి ధైర్యం ఉండదని.

ఆవిడ మూత విప్పి తెల్లగుడ్డ మీద పెట్టారు. భూతద్దం నాకూ ఇచ్చారు. కీ తిరిగిన చోట బంగారం చిరిగిపోయి, కింద నికెల్ తెల్లగా కనపడుతోంది. మర చుట్ల మీద కూడా అంతే. చూడలేకపోయాను.

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "రాంబాబు గారూ, మీరు చాలా మంచి పనివాళ్లు. అందుకే ఇంత ప్రమాదం జరిగింది. చేతకానివాడైతే పూత పట్టేదే కాదు" అన్నారు.

లోపలంతా కడిగి, సీలు విప్పి కొత్త మూత పెట్టారు. ఎక్స్‌రే తీశారు. స్క్రూ మెడ దగ్గర అర మిల్లీమీటరు ఎముక తగ్గిందట.

"అది తిరిగి వస్తుందాండీ?"

"రాదండీ. మిగిలింది పట్టుకుందో లేదో ఏప్రిల్లో గానీ చెప్పలేను. పట్టకపోతే తీసెయ్యాలి." తర్వాత వీరలక్ష్మి వైపు తిరిగారు. "అమ్మా, మొన్న ఫోన్లో మిమ్మల్ని అనవసరంగా అన్నాను."

"మీకేం తెలుసు తల్లీ" అంది వీరలక్ష్మి. మీకేం అన్న చోట ఒత్తి పలికింది.

మార్చి 2, ఆదివారం

వాపు పూర్తిగా తగ్గింది. వారం తర్వాత ఇవాళ నోరు విప్పింది.

"పూత వేశావు. ప్రేమకొద్దీ వేశావు, ఒప్పుకుంటా. నికెల్ వేశావు, పొగరుకొద్దీ వేశావు, అదీ ఒప్పుకుంటా, నీ పొగరు నాకు కొత్త కాదు. ఆ పిల్ల ఫోన్లో నన్ను తిడుతుంటే పక్కనే కూచుని గోళ్లు చూసుకున్నావు చూడు. అది నాకు గొంతు దిగట్లేదు."

చేతిలో కంచం కింద పెట్టాను.

"మార్కెట్లో ఆరుగురికి చెప్పుకున్నా, తప్పు నాదేనని. నువ్వొచ్చి చెప్పు, కాదని."

చెప్తానన్నాను.

మార్చి 3

రేపు వెళ్తాను.

మార్చి 4

ఒంగోలు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. వంకీలు, వడ్డాణాలు. వదిలి వెళ్లడం కుదరదు.

మార్చి 9, ఆదివారం

ఆదివారం మార్కెట్ కిటకిటలాడుతుంది. అంత రద్దీలో ఇలాంటివి చెప్పడం బాగోదు.

మార్చి 10, సోమవారం

సోమవారం మార్కెట్ ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే అందరూ చెవులు రిక్కించి వింటారు.

మార్చి 18, మంగళవారం

గేటు దాటి లోపలికి వెళ్లాను. మొదట్లోనే ఒకావిడ, ఈ వరస ఆవిడ కాదు, "ఏం కావాలి బాబూ?" అంది. కిలో కట్టిపరిగెలు కొనుక్కుని వచ్చేశాను. మార్కెట్లో పెళ్లాం చేపలమ్ముతుంటే ఇంకొకరి దగ్గర కొన్న మొగుణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను. వీరలక్ష్మి ఆ చేపలు చూసింది, తోమింది, పులుసు పెట్టింది. ఒక్క మాట అడగలేదు. పులుసు అద్భుతంగా ఉంది. అందుకే ఇంకా సిగ్గేసింది.

మార్చి 29, శనివారం

అన్నం పెడుతుంది. క్యారేజీ కడుతుంది. నాకు జలుబు చేస్తే మిరియాల చారు కాచింది. కానీ మార్కెట్ కబుర్లు చెప్పడం లేదు. ఎవరు ఎవర్ని తిట్టారు, ఎవరి సందువ చేప ఎంత పెద్దది, ఎవరు మెత్తబడ్డ చేప అంటగట్టబోయి దొరికిపోయారు, ఏదీ లేదు. కంచం ముందు కూర్చుంటే ఇల్లంతా చప్పగా ఉంది. కోపంగా ఉన్నా బాగుండేది. లక్ష్మీ, రెండు తిట్లు తిట్టవే తల్లీ.

ఏప్రిల్ 8, మంగళవారం

రేపు స్క్రూ పరీక్ష. తొట్టిలో గొలుసులు మాడిపోయాయి ఇవాళ. ముప్ఫై ఒక్క ఏళ్లలో రెండోసారి. శేషగిరిరావు గారు ఒంట్లో బాగాలేదా అన్నారు.

ఏప్రిల్ 9, బుధవారం

పట్టింది.

మూత తీసి చిన్న కర్రతో తట్టారు. టంగుమంది. పక్కనున్న సొంత పన్ను మీద తట్టినా అదే మోత. తర్వాత ముల్లు ఉన్న చిన్న పానా బిగించి తిప్పారు. ముల్లు ముప్ఫై అయిదు దాకా వెళ్లింది. స్క్రూ వెంట్రుకవాసి కదల్లేదు. వీరలక్ష్మి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంది, నేను గోడ పట్టుకుని ఉన్నాను.

"ఎముక బాగా పట్టుకుందమ్మా. ఆ గరుకు ఉండబట్టే" అన్నారు డాక్టరు.

నాకు ఏడుపొచ్చింది. కడుక్కునే తొట్టి వైపు తిరిగి మొహం కడుక్కున్నాను. పాలిష్ చెయ్యడం మర్చిపోయారా అని అడిగింది ఈ నోరే.

ఏప్రిల్ 23, బుధవారం

కొత్త పన్ను కట్టారు. పక్క పళ్ల రంగే, కొంచెం పసుపు కూడా కలిపారు, వక్క నమిలే నోరు కదా.

ఒక చిత్రం జరిగింది. పన్ను కింద కట్టును పెద్ద స్క్రూకి బిగించడానికి ఇంకో బుల్లి స్క్రూ ఉంటుందట. డాక్టరు దాన్ని పొట్లంలోంచి తీస్తే, పచ్చగా ధగధగమంది. నేను కళ్లద్దాలు సర్దుకున్నాను గానీ నోరెత్తలేదు. ఈ జన్మకి నేర్చుకున్నాను.

ఆవిడే అన్నారు. "అవునండీ, దీనికి బంగారం పూతే. మరలు ఒకదాన్నొకటి గీరుకోకుండా నున్నగా జారి, గట్టిగా బిగుసుకుంటాయి. లేకపోతే వదులై ఊడుతుంది. దీనికింద నికెల్ లేదు లెండి."

నోరు తెరిచి కూర్చున్న వీరలక్ష్మి ఉమ్ము పీల్చే గొట్టం నోట్లో ఉండగానే నవ్వింది. ఒళ్లంతా ఊగేలా నవ్వింది. డాక్టరు చెయ్యి తీసేసి ఆగాల్సి వచ్చింది. ఎముక తగిలే చోట గరుకు, చిగురు తగిలే చోట నునుపు, మర తిరిగే చోట బంగారం. ఏది ఎక్కడో తెలిసినవాళ్లు వేశారు.

బండి మీద వస్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఏమీ అడగలేదు. అడిగితే రేపంటానని తెలుసు.

ఏప్రిల్ 24, గురువారం

ఇవాళ వెళ్లాను. పది గంటలకి, కార్ఖానా బట్టల్లోనే.

వేట నిషేధం గనక సముద్రపు చేప లేదు. వరస వరసంతా కృత్తివెన్ను చెరువుల రొయ్య, చేప. ఆరుగురూ ఉన్నారు. కనకమహాలక్ష్మి చూసి, "ఏం బావా, చేపల కోసం వచ్చావా, పెళ్లాం కోసం వచ్చావా?" అంది. అందరూ నా వైపు తిరిగారు. "ఒక మాట చెప్పాలని..." అన్నాను. అక్కడే ఆగిపోయాను.

నా మొహం చూసి వీరలక్ష్మి లేచింది. తడి చేతులు నడుముకి తుడుచుకుంది.

"మా ఆయనకి నోరు తిరగదు గానీ నేను చెప్తా వినండే. నా పన్ను పాడవబోయింది పీతల వల్ల కాదు. ఈ మహానుభావుడు దాని మూతకి బంగారం పూత వేశాడు."

ఇక చూడాలి. మూత ఊడిన దగ్గర్నించి మొదలుపెట్టింది. నేను తొట్టి ముందు కూర్చుని టైటానియాన్ని బతిమాలడం, అది మూతి తిప్పుకోవడం, నికెల్ వేసి దాని మెడలు వంచడం, తను చూసినట్టే చెప్పింది. డాక్టరు గొంతు పెట్టి "చేతకానివాడైతే పట్టేదే కాదు" అన్నది కూడా చెప్పింది. ఆ ముక్క రెండుసార్లు చెప్పింది. కొనడానికొచ్చిన వాళ్లు సంచులు పట్టుకుని నిలబడిపోయారు. కనకమహాలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నన్ను చూస్తే వాళ్లకి ముచ్చటేస్తోంది.

"అదీ కథ. పాపం ఆ మూత తీసేసి డాక్టరమ్మ కొత్తది పెట్టింది" అని ముగించి, కూర్చుని, రొయ్యల మీద నీళ్లు చల్లింది.

ఫోన్ సంగతి చెప్పలేదు. తనకి గొంతు దిగనిది అదొక్కటే, దాన్ని దాచేసింది. తల వంచుకుని నీళ్లు చల్లుతూనే ఉంది. నేను నవ్వి, నాలుగు మాటలు పడి, కార్ఖానాకి వెళ్లిపోవచ్చు.

"ఇంకొకటి ఉంది" అన్నాను. "డాక్టరు ఫోన్లో తనని తిడుతుంటే నేను పక్కనే ఉన్నాను. నాదే తప్పని తెలుసు. మాట్లాడకుండా కూర్చున్నాను. మీకు కూడా తప్పు తనదేనని చెప్పుకుంటే చెప్పుకోనిచ్చాను. ఈ మాట చెప్పడానికి రమ్మంటే రెండు నెలలు తప్పించుకు తిరిగాను."

ఎవరూ నవ్వలేదు. కనకమహాలక్ష్మి కత్తిపీట మీంచి కాలు తీసి లేచింది. "ఛీ, ఏం మనిషివి బావా! ఇంత నంగనాచివి అనుకోలేదు. అది ఇక్కడ కూచుని ఎంత ఏడ్చిందో తెలుసా?"

తెలియదు. ఏడ్చిందని నాకు తెలియదు.

"ఏమేవ్, కూచో!" వీరలక్ష్మి కేక మార్కెట్ ఆ చివరి దాకా వినపడింది. "నా మొగుణ్ణి నేనంటా. అనడానికి నువ్వెవత్తివే?"

కనకమహాలక్ష్మి మళ్లీ కత్తిపీట మీద కాలేసి కూర్చుంది.

"నువ్వేంటి, గుంజలా నిలబడ్డావు? బేరాలు పోతున్నాయి. ఆ తట్ట ఇటు లాగు, కూచో."

కూర్చున్నాను. శేషగిరిరావు గారికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పాను. మధ్యాహ్నం దాకా తన పక్కన రొయ్యలు వలిచాను. నేను వలిచిన వాటిలో సగానికి తోకలు తెగిపోయాయని అందరి ముందూ తిట్టింది. ఎంత హాయిగా ఉందో.